నాలుగో గుడి దగ్గర అత్తయ్య

“మీ అత్తయ్య ఏదమ్మా అని మూడోసారి అడుగుతున్నాను. చెవులు బస్సులో వదిలేసి దిగావా?”

మామయ్య సత్రం వంటగది గుమ్మంలో నిలబడి అరుస్తున్నారు. ఆయన వెనక వరండాలో మా బస్సులో వచ్చిన నలభై రెండు మంది యాత్రికులూ చేతులు కడుక్కుని వరసగా కూర్చున్నారు. గడియారం పన్నెండు దాటింది. పొయ్యి చల్లగా ఉంది. గిన్నెలు బస్సులోంచి దింపినవి దింపినట్టే ఉన్నాయి. బియ్యం సంచికి కట్టిన తాడు కూడా ఎవరూ విప్పలేదు.

మూడోసారి కూడా నా దగ్గర జవాబు లేదు. మా ఆయన దగ్గరా లేదు. గుళ్ళ గురించి మొదలుపెడితే గంటసేపు ఊపిరి తీసుకోకుండా మాట్లాడగల మనిషి, అందుకే యాత్రికులంతా ‘మైకు’ అని పిలుచుకునే మనిషి, నోరు తెరిచి మూయడం మర్చిపోయి నిలబడ్డారు.

“నువ్వు చూశావా?” అన్నారు చివరికి, నా వైపు తిరిగి.

“మీరు చూడలేదా? పొద్దున గిన్నెలు బస్సెక్కించింది మీరే కదా!”

“గిన్నెలు ఎక్కించాను. అమ్మని నేనెందుకు ఎక్కిస్తాను? అమ్మ తనే ఎక్కుతుంది కదా ఎప్పుడూ!”

ఎప్పుడూ. ఆ మాట పట్టుకుని పొద్దుటి నుంచి జరిగిందంతా తలచుకున్నాను.

పదిన్నరకి ఈ అయిదో గుడి ఊళ్ళో దిగాం. అమ్మ ముందే దిగి ఉంటుందనుకుని, గిన్నెలు దింపేసి మా ఆయన దర్శనం టికెట్ల పనిమీద గుడి ఆఫీసుకి పరిగెత్తారు. మామయ్య ఎప్పటిలాగే బస్సు నీడలో నడుం వాల్చారు. నేను గదుల తాళాలు పంచుతూ, వేడినీళ్ళు రాలేదన్నవాళ్ళకి సర్దిచెబుతూ మూడు అంతస్తులూ ఎక్కి దిగాను. వంటగదిలో అత్తయ్య ఉంటుందని ముగ్గురికీ తెలుసు. అందుకే ముగ్గురిలో ఒక్కరం కూడా తొంగిచూడలేదు.

“ఫోన్ చెయ్యండి!” అన్నాను.

మా ఆయన చేశారు. మోగింది. మాకు ప్రాణం లేచొచ్చింది. కానీ మోగుతున్నది మా కాళ్ళ దగ్గరే. పప్పు డబ్బా మూత తీసి చూస్తే కందిపప్పు మీద అత్తయ్య ఫోను, పక్కనే ఆవిడ చిన్న పర్సు. రెండూ ఆవిడ ఎప్పుడూ దాచుకునే చోటే భద్రంగా ఉన్నాయి. మనిషే లేదు.

మామయ్య డబ్బాలోకి చూశారు. నన్ను చూశారు.

“పొద్దున లెక్కపెట్టావా లేదా?”

“పెట్టాను మామయ్యా. నలభై రెండూ సరిపోయింది.”

“సరిపోతే మనిషేది?”

ఏం చెప్పను? మా ఇంటి లెక్కకి ఒక కథ ఉంది. నేను కాపురానికొచ్చిన మొదటి వారంలోనే చెప్పారు. ఎప్పుడో వాళ్ళ మొదటి ట్రిప్పులో మామయ్య తమ్ముడు కూడా బస్సులో కూర్చున్నాడట. తలలు లెక్కపెడితే సరిపోయాయి. బస్సు కదిలింది. తీరా చూస్తే తమ్ముడి తల ఒక యాత్రికుడి లెక్కలో పడిపోయి, ఆ యాత్రికుడు తడిబట్టలతో నది మెట్ల మీద మిగిలిపోయాడు. ఆరోజు నుంచి మామయ్య ఒక నియమం పెట్టారు. ఇంటివాళ్ళని లెక్కలో కలపకూడదు. జాబితాలో ఇంటివాళ్ళ పేర్లు ఉండకూడదు. నేను ఆరు నెలలుగా ఆ నియమాన్ని కళ్ళకద్దుకుని పాటిస్తున్నాను.

అత్తయ్య కూర్చునేది సీట్లలో కూడా కాదు. ఆఖరి సీటు వెనక ఒక తెర ఉంటుంది. తెర వెనక బియ్యం సంచులు, పొయ్యి, గిన్నెలు, అత్తయ్య. ఆవిడ ఉందో లేదో తెర ఎత్తి చూస్తేగానీ తెలియదు.

“అంటే నాలుగో గుడి దగ్గరే...” అని ఆగిపోయారు మా ఆయన.

“నలభై కిలోమీటర్లు!” అన్నాను నేను.

ఈ మాట వరండాలోకి ఎలా పాకిందో పాకింది. ముందుగా లేచింది టీచరమ్మ. ముప్పై అయిదేళ్ళు బడిలో పిల్లల్ని దడిపించి రిటైరైన మనిషి. తెల్లటి జుట్టు, గట్టి గొంతు. నేరుగా వంటగదిలోకే వచ్చేసింది.

“ఏమిటి, మీ ఆవిడ తప్పిపోయిందా?” అని మామయ్యని అడిగింది.

“తప్పిపోవడమేమీ లేదండీ. వస్తుంది. ఏదో బండెక్కి వచ్చేస్తుంది.”

“ఏ బండెక్కుతారు మామయ్యా?” నాకు తెలియకుండానే గొంతు లేచింది. “చేతిలో ఫోను లేదు, పర్సు లేదు. మనం ఏ సత్రంలో దిగుతామో ఆవిడకి పేరు కూడా తెలియదేమో!”

“ఇరవై రెండేళ్ళుగా దిగుతున్న సత్రం పేరు తెలియదా?”

“తెలీదు నాన్నా,” అన్నారు మా ఆయన మెల్లగా. “అమ్మ దీన్ని చిన్న పొయ్యి సత్రం అంటుంది.”

మామయ్య ఆ చల్లటి పొయ్యి వైపు చూశారు.

ఆ తర్వాత జరిగిందంతా తిరునాళ్ళే. టీచరమ్మ వరండాలోకి వెళ్ళి చప్పట్లు కొట్టింది. “ఉల్లిపాయలు తరగడం వచ్చినవాళ్ళు చేతులెత్తండి!” అంది. ఇరవై చేతులు లేచాయి. బస్సెక్కిన దగ్గర్నుంచి మోకాళ్ళ నొప్పులని మూలుగుతున్న టైలరుగారు బియ్యం సంచిని ఒక్క ఊపున ఎత్తి నడుం మీద పెట్టుకొచ్చారు. ఎవరో పొయ్యి వెలిగించారు. ఎవరో అలా కాదన్నారు. నీళ్ళెన్ని పొయ్యాలన్న దాని మీద రెండు పార్టీలు ఏర్పడ్డాయి. రెండు రోజులుగా సీటు పక్కవాళ్ళతో తప్ప మాట్లాడని మనుషులు ఇప్పుడు ఒకరి చేతిలోంచి ఒకరు కత్తిపీట లాక్కుంటున్నారు.

ఇటు తండ్రీకొడుకుల మధ్య ఇంకో పొయ్యి రాజుకుంది.

“నేను వెళ్ళి తీసుకొస్తాను,” అన్నారు మా ఆయన.

“నువ్వెళ్తే రెండింటికి వీళ్ళకి దర్శనం ఎవరు చేయిస్తారు? టికెట్లన్నీ నీ సంతకం మీద ఉన్నాయి.”

“అయితే మీరు వెళ్ళండి.”

“నేనా? నాలుగింటికి బస్సు తియ్యాలిరా. ఆరింటికి కొండ రోడ్డు గేటు మూసేస్తారు. గేటు మూస్తే ఆరో గుడి లేదు, రేపు పొద్దున ఏడో గుడీ లేదు. నలభై రెండు మందికి ఏం చెప్తావు? మా ఆవిడ కోసం మీ దేవుణ్ణి వదులుకోమంటావా?”

“మీ ఆవిడ మా అమ్మ కూడా, నాన్నా!”

మైకు లేకుండానే ఆ మాట మూడో అంతస్తు దాకా వినిపించింది. వరండాలో ఉల్లిపాయలు తరిగే చప్పుడు ఆగింది. ఇంత పెద్ద గొంతుతో ఆయన తండ్రికి ఎదురు చెప్పడం నేనెప్పుడూ చూడలేదు. తప్పో ఒప్పో నాకు తెలియదు, ఆ నిమిషంలో మాత్రం మా ఆయన నాకు చాలా నచ్చారు.

మామయ్య భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నారు.

“కారు పిలువు,” అన్నారు నాతో. “నువ్వు కూడా రా. దాన్ని వెతకడం నా ఒక్కడి వల్ల కాదు.”

*

జీవితమంతా స్టీరింగు పట్టుకున్న మనిషిని పక్క సీట్లో కూర్చోబెట్టకూడదని ఆరోజు తెలిసింది. కారు డ్రైవరు ఇరవై ఏళ్ళ కుర్రాడిలా ఉన్నాడు. మలుపు వచ్చినప్పుడల్లా మామయ్య కుడికాలితో నేలని నొక్కుతున్నారు.

“మెల్లగా బాబూ.”

“ముప్పైలోనే వెళ్తున్నానండీ.”

“అయితే కాస్త గట్టిగా వెళ్ళు. పనిమీద వెళ్తున్నాం.”

కుర్రాడు అద్దంలో నన్ను చూశాడు. నేను బయటికి చూశాను.

కొంత దూరం పోయాక ఉండబట్టలేక అడిగాను. “మామయ్యా, అత్తయ్య ఈ గుళ్ళలో ఎప్పుడైనా లోపలికి వెళ్ళి చూశారా?”

“ఎందుకు చూడలేదు? ఇరవై రెండేళ్ళుగా తిరుగుతోంది నాతో!”

“తిరగడం కాదు. లోపలికి. దర్శనానికి.”

“చూసే ఉంటుంది. మొదటి గుడిలో...” అని ఆగారు. “కాదు, అక్కడ దిగగానే టీ పెట్టాలి. రెండోది... అక్కడ పక్కనే వంట. మూడో గుడి దగ్గర ఒకసారి వెళ్తానంది. ఎసరు మరుగుతోంది, తర్వాత చూద్దువులే అన్నాను.”

“తర్వాత చూశారా?”

ఆయన వేళ్ళు ఒళ్ళో ఉన్న తువ్వాలు అంచుని మడుస్తూ విప్పుతూ ఉన్నాయి.

నన్ను నేను కూడా తిట్టుకుంటున్నాను. నిన్న సాయంత్రం నాలుగో గుడిలోంచి యాత్రికుల్ని బయటికి తెచ్చాక, అత్తయ్య గిన్నె తోముతూ అడిగింది: “అమ్మాయ్, లోపల దేవుడు నించుని ఉన్నాడా, కూర్చుని ఉన్నాడా?” నాకు తెలియలేదు. గర్భగుడి ముందు నిలబడి నేను చూసింది నలభై రెండు వీపుల్ని. “చాలా బావున్నారు అత్తయ్యా,” అని తప్పించుకున్నాను. ఆవిడ గిన్నె కడిగి బోర్లించింది.

మామయ్య ఉన్నట్టుండి అన్నారు. “నేనూ చూడలేదు తెలుసా?”

“ఏది?”

“ఏదీను. బండి వదిలి వెళ్ళకూడదు కదా. గోపురాలు చూశాను. అన్నీ అద్దంలోనే. వచ్చేటప్పుడు ముందు అద్దంలో, పోయేటప్పుడు పక్క అద్దంలో.” నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు. “బాబూ, లారీని దాటెయ్. ఎంతసేపు దాని పొగ పీలుస్తాం?”

*

నాలుగో గుడి వీధిలో దిగేసరికి ఒకటిన్నర. ఎండ మండిపోతోంది. వీధికి రెండు వైపులా దుకాణాలు. గాజులు, బొమ్మలు, ఇత్తడి గంటలు. పొద్దున బస్సు ఆగిన చోట ఇప్పుడు ఇంకేదో బస్సు ఆగి ఉంది. అత్తయ్య లేదు.

మామయ్య మొదటి దుకాణం దగ్గరికి వెళ్ళి అడిగారు. రెండోదాని దగ్గర అడిగారు. మూడోది పూల దుకాణం. పూలమ్మాయి మాల కడుతూనే తలెత్తింది.

“ఎలా ఉంటారండీ?”

“ఎలా ఉంటుందంటే... మామూలుగా ఉంటుంది.”

“ఏ రంగు చీర?”

మామయ్య నా వైపు చూశారు. ఆ చూపు చూస్తే జాలేసింది, కోపమూ వచ్చింది.

“నేరేడు రంగు,” అన్నాను. “పొట్టిగా ఉంటారు. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని ఉంటారు.”

పూలమ్మాయి మొహం వెలిగిపోయింది. “ఆవిడా! అయ్యో, ఆవిడ మీవాళ్ళా? పొద్దున ఇక్కడే కూర్చుని నాతో పాటు నాలుగు మాలలు కట్టారండీ. నేను టీ తెప్పిస్తే ఎంత సంబరపడ్డారో! ఎవరో పెట్టిన టీ తాగి ఎన్నాళ్ళయిందో అన్నారు. ఇవాళ నాకు సెలవమ్మా అని నవ్వుతూనే ఉన్నారు.”

“నవ్వుతోందా?” మామయ్యకి నమ్మకం కుదరలేదు.

“పడీ పడీ నవ్వారండీ. తర్వాత దర్శనం క్యూలోకి వెళ్ళారు. వెళ్ళండి, పన్నెండింటికి తలుపులు మూశారు కాబట్టి ఇంకా అక్కడే ఉంటారు.”

నేను పరిగెత్తాను. చెప్పులు ఎక్కడ విప్పానో గుర్తులేదు. మెట్లు, మండపం, మళ్ళీ మెట్లు. క్యూ హాలు పొడుగ్గా ఉంది, ఇనప కడ్డీల మధ్య మెలికలు తిరిగిన వరసలు. తలుపులు మూసి ఉండటంతో అందరూ నేల మీద కూర్చుని ఉన్నారు. పిల్లలు కడ్డీల కింద దూరి ఆడుతున్నారు. పంకాలు తిరుగుతున్నాయి గానీ గాలి ఎవరికీ తగలడం లేదు.

“అమ్మాయ్! ఇటు! ఇటు చూడు!”

ముందు వరసలో, తలుపుకి దగ్గరగా, ఒక చెయ్యి గాల్లో ఊగుతోంది. అత్తయ్యే. బడి ఎగ్గొట్టిన పిల్లలా ఉంది మొహం. తలలో పూలు. ఆవిడ తలలో పూలు చూడటం నాకు అదే మొదటిసారి.

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. కడ్డీల మీదుగా చేతులు చాచి ఆవిడ చేతులు పట్టుకున్నాను. “అత్తయ్యా, బస్సు తప్పిపోయిందా? ఎంత భయపడ్డామో తెలుసా?”

“తప్పిపోలేదమ్మా. నా కళ్ళ ముందే వెళ్ళింది.”

అప్పటికి మామయ్య వచ్చారు, రొప్పుతూ. ఆయన నోటి నుంచి ఏదైనా మంచిమాట వస్తుందని ఆశపడ్డాను.

“బుద్ధుందా నీకు?” అన్నారు.

అత్తయ్య చేతులు నా చేతుల్లోంచి జారిపోయాయి. చుట్టూ ఉన్నవాళ్ళు మాటలు ఆపి చూస్తున్నారు.

“బస్సు పోతుంటే చూస్తూ నించున్నావా? గొంతు పోయిందా? ఒక్క కేకెయ్యొచ్చు కదా!”

“వేద్దామనే నోరు తెరిచాను,” అంది అత్తయ్య. గొంతు పెంచలేదు. “చేతులు కడుక్కుని వచ్చేసరికి అందరూ ఎక్కేశారు. అమ్మాయి లెక్కపెడుతోంది, నాకు వినిపిస్తోంది. నలభై ఒకటి, నలభై రెండు, సరిపోయింది మామయ్యా అంది. మీరు హారను కొట్టారు. ఎవరో ఒకరు ఆవిడ ఎక్కిందా అంటారేమోనని ఆగాను. ఎవరూ అనలేదు. బస్సు మలుపు తిరిగింది.”

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అమ్మాయి లెక్కపెడుతోంది. ఆ అమ్మాయి నేనే.

“అత్తయ్యా, నాది తప్పు...”

“నీదేమీ లేదమ్మా. నీకు నేర్పినట్టు చేశావు.” నా భుజం తట్టింది. తర్వాత ఉన్నట్టుండి ఆవిడ కళ్ళు మెరిశాయి. “మొదట భయమేసింది, నిజం చెప్తున్నాను. ఈ మెట్ల మీదే కూలబడ్డాను. ఓ పావుగంట అయ్యాక ఏమైందో తెలుసా? బియ్యం కడగక్కర్లేదని గుర్తొచ్చింది! ఎవరికీ టీ పెట్టక్కర్లేదు. ఎక్కడికి కావాలంటే అక్కడికి వెళ్ళొచ్చు. నవ్వు ఆగలేదమ్మాయ్. వీధంతా తిరిగాను. ఈ గుడికి ఇన్నిసార్లు వచ్చానా, ఇంత పెద్ద వీధి ఉందని తెలియదు. నాకు ఇక్కడ తెలిసింది ఒక్కటే, వెనక బావిలో నీళ్ళు ఉప్పగా ఉంటాయి, పప్పు ఉడకదు!”

పక్కన కూర్చున్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. మామయ్య నవ్వలేదు. చేతి గడియారం చూసుకున్నారు.

“సరే. అయిందేదో అయింది. లే. మూడింటిలోగా బయల్దేరితేనే నాలుగింటికి బస్సు తీయగలం. ఆరింటికి గేటు.”

“మూడున్నరకి తలుపులు తీస్తారట. నా ముందు పదిమందే ఉన్నారు.”

“వచ్చే ట్రిప్పులో చూద్దువులే.”

“ఇరవై రెండేళ్ళుగా వచ్చే ట్రిప్పేనండీ.”

“ఇప్పుడు పంతాలా? అక్కడ నలభై రెండు మంది నీకోసం కూర్చున్నారే! పొద్దుటి టిఫిను తప్ప తిండి లేదు వాళ్ళకి. సగం మంది పెద్దవాళ్ళు. టైలరుకి మోకాళ్ళ మందు తిండి తిన్నాకే వేసుకోవాలి.”

అది పని చేసింది. అత్తయ్య మొహంలో వెలుగు నా కళ్ళ ముందే తగ్గిపోయింది. ఆకలి మాటెత్తితే ఆవిడ ఆగలేదని ఆయనకి బాగా తెలుసు. పాతికేళ్ళకి పైగా కాపురం చేసిన మనిషి కదా, తాళం ఎక్కడుందో తెలుసు.

“మందు వేసుకోలేదా ఆయన?” అంటూ అత్తయ్య మోకాళ్ళ మీద చెయ్యి పెట్టుకుని లేవబోయింది.

నేనేం చేస్తున్నానో నాకు తెలిసేలోగా నా రెండు చేతులూ ఆవిడ భుజాల మీద ఉన్నాయి. కిందికి నొక్కేశాను.

“కూర్చోండి అత్తయ్యా.”

“అమ్మాయ్!” అన్నారు మామయ్య.

“వాళ్ళు వంట చేసుకుంటున్నారు. టైలరుగారు బియ్యం బస్తా మోశారు, మీరూ చూశారు కదా మామయ్యా. ఆవిడకి అబద్ధం ఎందుకు చెప్తారు?” ఆరు నెలల్లో ఆయన ఎదుట నేను రెండు వాక్యాలు కలిపి మాట్లాడింది లేదు. “తలుపు తీసేదాకా ఆవిడ లేవరు.”

“నువ్వెవరే చెప్పడానికి?”

“ఈవిడ కోడల్ని.”

అత్తయ్య నా వైపు చూసి, ఆయన వైపు చూసి, లేచినంత మేరా మళ్ళీ కూర్చుంది.

మామయ్య కడ్డీకి అవతల, నేలమీద కూర్చోలేక, నిలబడలేక, అటూ ఇటూ తిరిగారు. రెండయింది. రెండున్నర అయింది. మాట్లాడకుండా ఇంతసేపు భార్యకి మూడడుగుల దూరంలో ఆయన ఎప్పుడైనా ఉన్నారా అని నాకు అనుమానం వచ్చింది. బస్సులో ఆయన ముందు, ఆవిడ వెనక. మధ్యలో పదకొండు వరసల సీట్లు.

మూడింటికి ఆయన ఫోను మోగింది. మా ఆయన. మామయ్య స్పీకరు నొక్కారు.

“నాన్నా, అమ్మ దొరికిందా?”

“ఇక్కడే ఉంది.”

అవతల ఒక్కసారిగా కేకలు, చప్పట్లు. ఫోను ఎవరో లాక్కున్నారు. “హలో! నేను టీచర్ని. ఏమమ్మా, బాగున్నావా? మేం తిన్నాంలే. అన్నం ముద్దయింది, పప్పు గొంతులో దిగలేదు, అయినా తిన్నాం. నువ్వెలా చేస్తున్నావో రోజూ ఇంతమందికి! దర్శనం అయిందా నీకు?”

“ఇంకా లేదండీ,” అంది అత్తయ్య. “మూడున్నరకి తీస్తారట.”

“మరి చూడకుండా వస్తావా ఏమిటి? చూసే రా!”

వెనక నుంచి ఒక మగగొంతు విసుక్కుంది. “బాగుందండీ, గేటు మూసేస్తే మా సంగతేమిటి? మేం బయల్దేరింది ఏడు గుళ్ళకి. ఏడో గుడికి నేను ఎనిమిదేళ్ళ నుంచి మొక్కుకుంటున్నాను!” ఆ మనిషి మాటా తీసెయ్యడానికి లేదు. ఇంకో ఇద్దరు అవునన్నారు. టీచరమ్మ వాళ్ళ మీద లేచింది. ఫోన్లో పెద్ద రగడ మొదలైంది. మామయ్య నొక్కి ఆపేశారు.

“విన్నావుగా,” అన్నారు.

“విన్నాను,” అంది అత్తయ్య. “వాళ్ళని తీసుకుని మీరు వెళ్ళండి. నేను ఇక్కడ చూసి, వెనక్కి మొదటి గుడి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ చూసుకుంటూ వస్తాను. దోవలో బస్సులున్నాయట, ఈ పక్కావిడ చెప్పింది. ఛార్జీలకి అమ్మాయి దగ్గర తీసుకుంటాను. ఏడూ చూసి ఇంటికొస్తాను.”

“ఒక్కదానివే?”

“పొద్దుటి నుంచి ఒక్కదాన్నేగా.”

“మరి వంటెవరు చేస్తారే?”

ఆ మాట ఆయన నోరు దాటాక గానీ ఆయనకే వినపడలేదు. నాలుక కరుచుకున్నారు. క్యూలో ఒక ముసలాయన తలపట్టుకున్నాడు. అత్తయ్య మొహం తలుపు వైపు తిప్పుకుంది. అంతకంటే ఒక తిట్టు తిట్టినా బాగుండేది.

లోపల గంట మోగింది.

హాలంతా ఒక్కసారిగా లేచింది. పిల్లల్ని చంకనెత్తుకునేవాళ్ళు, సంచులు వెతుక్కునేవాళ్ళు, దేవుణ్ణి గట్టిగా పిలిచేవాళ్ళు. తలుపులు బార్లా తెరుచుకున్నాయి. లోపలి నుంచి కర్పూరం వాసన, దీపాల వెలుగు. అత్తయ్య కొంగు భుజం చుట్టూ కప్పుకుని, కుచ్చిళ్ళు కిందికి దింపుకుంది. దోపుకున్న కుచ్చిళ్ళు ఆవిడ అంతకుముందు ఎప్పుడైనా దింపిందా అంటే నాకు గుర్తులేదు.

“ఏమే,” అన్నారు మామయ్య.

ఆవిడ ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు.

“ఏమే, ఆగు. నేనూ వస్తాను.” అంటూ ఆయన వంగి కడ్డీ కింద నుంచి దూరబోయారు.

అంతే, క్యూ క్యూ అంతా విరుచుకుపడింది. “ఎక్కడికండీ? మేం పొద్దుటి నుంచి ఉన్నాం!” “పెద్దమనిషిలా ఉన్నారు, మధ్యలో దూరతారా?” కాపలావాడు ఆయన భుజం పట్టుకుని బయటికి లాగాడు.

మామయ్య ఆశగా అత్తయ్య వైపు చూశారు. ‘మా ఆయనే, రానివ్వండి’ అని ఆవిడ ఒక్క మాటంటే చాలు.

అత్తయ్య వెనక్కి తిరిగింది. కళ్ళలో నీళ్ళున్నాయి, నవ్వూ ఉంది.

“చూడాలని ఉంటే వెనక నుంచి రండి. అందరూ అలాగే వచ్చారు.”

ఆవిడ గడప దాటింది. నేరేడు రంగు చీర లోపలి వెలుగులో కాసేపు కనిపించింది, తర్వాత లేదు.

మామయ్య గడియారం చూసుకోలేదు. అది నేను గమనించాను. తువ్వాలు తీసి నడుముకి కట్టుకున్నారు. ఫోను నా చేతిలో పెట్టారు. కడ్డీల పక్కనుంచి క్యూ తోక వెతుక్కుంటూ వెనక్కి నడిచారు. హాలు చివరికి వెళ్ళారు, మండపం దాటారు, మెట్లు దిగారు. తోక ఇంకా ఉంది, వీధిలోకి. ఇత్తడి గంటల దుకాణం ముందు, అందరికంటే వెనక, చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆయన వెనక ఎవరూ లేరు.

ఫోను మోగింది.

“నాన్నకివ్వు,” అన్నారు మా ఆయన. “ఇక్కడ కొట్టుకునేలా ఉన్నారు. బస్సు తీయాలా వద్దా?”

“ఇవ్వలేనండీ. ఆయన క్యూలో ఉన్నారు.”

“ఏం క్యూ?”

“దర్శనం క్యూ.”

“మా నాన్నా?”

“మీ నాన్నే. కనీసం మూడు గంటలు పడుతుంది.”

“మరి గేటు? బస్సు సంగతేమిటి?”

మెట్ల మీద నుంచి చూస్తే ఎండలో మామయ్య బట్టతల ఒక్కటే మెరుస్తోంది. క్యూ ఒక్క అడుగు కదిలింది. ఆయనా ఒక అడుగు వేశారు. ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాను. భయమో సంతోషమో తేల్చుకునే తీరిక లేదు.

“బస్సు కదలదు,” అన్నాను.

“ఎవరు చెప్పారు? నాన్నా?”

“కాదు. నేను చెప్తున్నాను.”